ఒక్క స్టేజ్‌నూ నిషేధించకండి
నాంపల్లి, అబిడ్స్ చుట్టుపక్కల ఫైటింగ్ గేమ్ టోర్నీ పెట్టేవాళ్లకు సలహాలు

ఫైటింగ్ గేమ్ టోర్నీ పెట్టాలనుకున్నవాళ్లు హాలు కుదరకముందే ఒక పని మొదలుపెడతారు. నలుగురు గట్టి ఆటగాళ్లను కూర్చోబెట్టి, ఏ స్టేజ్‌లు ఉంచాలో ఏవి తీసేయాలో జాబితా రాస్తారు. ఆ జాబితా రాయకండి. గేమ్‌లో ఎన్ని స్టేజ్‌లుంటే అన్నీ ఉంచండి. నేల ఊగేది, గోడ విరిగేది, కింద నుంచి యాసిడ్ పొంగేది, ఆట మధ్యలో రేసు కార్లు దూసుకొచ్చి ఇద్దర్నీ గుద్దేది, అన్నీ ఉండాలి. టోర్నీలు నడిపిన అనుభవం ఉన్నవాళ్లు చాలామంది ఈ మాటకు తల అడ్డంగా ఊపుతారు. వాళ్లంటే నాకు గౌరవమే. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్లు పొరబడుతున్నారని నా గట్టి నమ్మకం.

స్టేజ్ అంటే ఇద్దరు బొమ్మ వీరులు కొట్టుకునే చోటు. కొన్ని గేముల్లో అది వెనకాల కనిపించే చిత్రం మాత్రమే. కొన్నింట్లో నేల, గోడ, అంచు, గాలి కూడా పోట్లాటలో దిగుతాయి. గొడవంతా ఈ రెండో రకం గురించే.

స్టేజ్ చిత్రమే అయినా పట్టు వదలకండి

అబిడ్స్ సందుల్లో, సినిమా హాళ్ల పక్కన వీడియో గేమ్ పార్లర్లు వెలిగిన రోజుల్లో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 మెషిన్ చుట్టూ కుర్రాళ్లు మూగేవాళ్లు. ఆ గేమ్‌లో స్టేజ్‌ను మనం ఎంచుకోం, మెషిన్ ఎంచుకుంటుంది. అందుకే ఓడినవాడు స్టేజ్‌ను తిట్టడం ఎప్పుడూ వినపడలేదు. బటన్ సరిగా పడలేదనేవాడు, జాయ్‌స్టిక్ వదులైందనేవాడు, పక్కవాడు మోచెయ్యి తగిలించాడనేవాడు. స్టేజ్ మాట ఎత్తేవాడు కాదు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో మన ధాల్సిమ్ స్టేజ్ గుర్తుందా? వెనకాల వరసగా ఏనుగులు ఉంటాయి. వాటివల్ల ఒక్క దెబ్బ ఎక్కువా కాదు, తక్కువా కాదు.

తర్వాతి తరం స్ట్రీట్ ఫైటర్ గేముల్లో అలవాటు మారింది. పోటీల్లో చాలామంది ట్రైనింగ్ గదినే స్టేజ్‌గా కోరతారు. గళ్ల గళ్ల నేల, ఖాళీ గోడలు. దూరం కొలుచుకోవడం తేలిక, కంటికి ఏదీ అడ్డం రాదు. చివరికి గేమ్ తయారుచేసిన క్యాప్‌కామ్ సంస్థే స్ట్రీట్ ఫైటర్ 5 ప్రో టూర్‌లో కాన్జుకి బీచ్, స్కైస్ ఆఫ్ ఆనర్ అనే తన సొంత స్టేజ్‌లను పక్కన పెట్టింది. మీరు పెట్టకండి. వెనకాల బొమ్మలు కదిలితే ఇద్దరి కళ్లకూ కదులుతాయి. కన్సోల్ ఒక క్షణం తడబడితే ఇద్దరి చేతుల్లోనూ తడబడుతుంది. ఆ తడబాటును పట్టుకుని అడుగు సర్దుకున్నవాడు మెరుగైన ఆటగాడే కదా! గేమ్ మధ్యలో ఆగిపోతే ఆ రౌండ్ మళ్లీ ఆడించండి, అంతే. అంతకుమించి స్టేజ్ మీద కక్ష కట్టాల్సిన పనిలేదు.

టెక్కెన్‌లో రాండమ్ బటన్ ఒక్కసారే నొక్కించండి

మన ఊళ్లో ప్లేస్టేషన్ పాకినట్టు నింటెండో పాకలేదు. కాబట్టి మీ టోర్నీలో ఎక్కువమంది టెక్కెన్ కోసమే వస్తారు. 1998లో ప్లేస్టేషన్ మీదికి వచ్చిన టెక్కెన్ 3లో గోడలే లేవు. వెనక్కి ఎంత జరిగినా నేల తరగదు. 2001 నాటి టెక్కెన్ 4లో గోడలు వచ్చాయి, నేల ఎగుడుదిగుడు అయింది. మెట్ట మీద ఉన్నవాడు కొట్టిన దెబ్బ పల్లంలో ఉన్నవాడి తల మీదుగా పోవడమో, వేరేగా తగలడమో జరిగేది. ఆటగాళ్లు గోల చేశారు. టెక్కెన్ 5లో గోడలు ఉంచి నేలను చదును చేసేశారు. నా దృష్టిలో ఆ గేమ్ పోగొట్టుకున్న మంచి గుణం అదే. పై నుంచి కొడుతున్నామో కింద నుంచి కొడుతున్నామో చూసుకోవడం పోరాటంలో మొదటి పాఠం. టెక్కెన్ 6లో నేల పగిలి కింది అంతస్తులో పడటం వచ్చాక కొంత ఊరట కలిగింది.

టెక్కెన్ పోటీల్లో స్టేజ్‌ను రాండమ్‌కు వదిలేయడం ఉన్న ఆచారమే. ఇక్కడ నేను చెప్పాల్సింది తక్కువ. కానీ నిఘా పెట్టండి. రాండమ్ నొక్కగానే గోడల్లేని స్టేజ్ పడిందనుకోండి, గోడకు ఆనించి కొట్టే క్యారెక్టర్ పట్టినవాడు వెంటనే "అన్నా, ఇంకోసారి నొక్కుదాం, ఇద్దరం ఓకేనే" అంటాడు. అవతలివాడు మొహమాటానికి సరేనంటాడు. మీరు సరేననకండి. పడింది పడినట్టే ఆడాలి. ఇద్దరూ ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి. మొహమాటంతో ఇచ్చిన ఒప్పుకోలులో ఎప్పుడూ కొత్తవాడే నష్టపోతాడు.

స్మాష్ బ్రదర్స్ పెడితే అసలు పరీక్ష మొదలవుతుంది

నింటెండో సూపర్ స్మాష్ బ్రదర్స్‌లో ప్రత్యర్థి ప్రాణం తీయడం కాదు, అతన్ని స్టేజ్ బయటికి విసిరేయడం గెలుపు. కాబట్టి స్టేజే సగం ఆట. ఆ వరసలో 2001లో వచ్చిన మెలీలో స్టేజ్‌లు 29. ఇవాళ అమెరికాలో, యూరప్‌లో పెద్ద పోటీల్లో మిగిలినవి ఆరు. మొదటి రోజుల్లో ఇలా లేదు. కార్లు దూసుకొచ్చే మ్యూట్ సిటీ, యాసిడ్ పొంగే బ్రిన్‌స్టార్, తెర కదులుతూ మనల్ని పైకి తరిమే రెయిన్‌బో క్రూజ్, వీటన్నిటినీ ఓడినవాడు తర్వాతి ఆటకు కోరుకునే వీలుండేది. ఒక్కో ఏడు ఒక్కో కారణం చెప్పి ఒక్కోదాన్ని తీసేస్తూ వచ్చారు. కారణం ఎప్పుడూ న్యాయంగానే వినిపిస్తుంది. ఒక్కొక్కటిగా చూస్తే ఒప్పుకోక తప్పదు కూడా. అన్నీ కలిపి చూస్తే 29లో 23 పోయాయి.

ఇప్పుడు ఆ మిగిలిన ఆరింటినీ దగ్గరగా చూడండి. డ్రీమ్ ల్యాండ్‌లో చెట్టు గాలి ఊది ఆటగాళ్లను అంచువైపు తోస్తుంది. ఫౌంటెన్ ఆఫ్ డ్రీమ్స్‌లో పక్క అరుగులు పైకీ కిందికీ కదులుతాయి. పోకెమాన్ స్టేడియం మధ్యమధ్యలో రూపమే మార్చేసుకుంటుంది. యోషీస్ స్టోరీలో ఒక చిన్న మేఘం స్టేజ్ చుట్టూ తిరుగుతుంటుంది. చచ్చాడనుకున్నవాడు దాని మీద వాలి బతికిపోతాడు. అంటే 'న్యాయమైన' ఆరింటిలో నాలుగు కదిలేవే. మరి ఆ మేఘాన్ని ఎందుకు నిషేధించలేదు? ఆటగాళ్లు దాన్ని నేర్చుకున్నారు కాబట్టి. గడియారంలో ఏ సెకనుకు ఆ మేఘం ఎక్కడుంటుందో మంచి ఆటగాళ్లకు కంఠతా వచ్చు. కొట్టుకుంటూనే ఒక కన్ను టైమర్ మీద వేసి, ఇప్పుడు పడితే మేఘం దొరుకుతుందా లేదా అని లెక్క కట్టి దూకుతారు. మ్యూట్ సిటీ కార్లనూ అలాగే నేర్చుకోవచ్చు. నేర్చుకోవడానికి ఓపిక పట్టకుండా తీసేశారు.

అదే వరసలో 2018లో వచ్చిన అల్టిమేట్‌లో మొదటి రోజే 103 స్టేజ్‌లు ఉన్నాయి. స్టేజ్‌లోని ప్రమాదాలను ఆపేసే మీట కూడా ఇచ్చారు. పోటీల్లో ఆ మీట ఆపి, అందులోనూ గుప్పెడు స్టేజ్‌లే ఉంచుతారు. మీరు ఆ మీట ఆన్‌లోనే ఉంచండి. మీ హాల్లో ఆ బటన్ జోలికి ఎవరూ పోకుండా చూసుకోండి.

ఇక అందరూ అడ్డం వేసే స్టేజ్ పేరు హైరూల్ టెంపుల్. పెద్ద కోట. మధ్యలో గుండ్రంగా తిరిగే దారి ఉంటుంది. ఫాక్స్ లాంటి వేగమున్న క్యారెక్టర్‌తో ఒక దెబ్బ కొట్టి, అక్కణ్నుంచి చుట్టూ పరిగెత్తుతూనే ఉంటే నెమ్మదైనవాడు పట్టుకోలేడు. మెలీలో ఒక ఆటకు ఎనిమిది నిమిషాలు గడువు. ఎనిమిది నిమిషాలూ పరుగే. దీన్ని ఉంచమంటున్నందుకు నన్ను తిట్టినవాళ్లున్నారు. ఉంచండి. మొదటి దెబ్బ అవతలివాడికి ఎందుకు ఇచ్చారన్నదే నా ప్రశ్న. ఆ స్టేజ్ మీద మొదటి దెబ్బ విలువ పది రెట్లు. అది తెలిసినవాళ్లు ఇద్దరూ మొదటి పది సెకన్లు ఊపిరి బిగబట్టి ఆడతారు. అలాంటి ఆటను మూల టీవీలో పెట్టకండి, ప్రొజెక్టర్ మీద వేయండి. హాలు అద్దె మరో రెండు గంటలకు పెరుగుతుంది. పెరగనివ్వండి.

ఫతే మైదాన్‌లో జరిగింది గుర్తుంచుకోండి

స్టేజ్ గొడవ మనకు కొత్తేమీ కాదు, క్రికెట్‌లో పిచ్ కూడా స్టేజే. అబిడ్స్ నుంచి నడిచివెళ్లే దూరంలో, ఫతే మైదాన్ అని పాతవాళ్లు పిలిచే లాల్ బహదూర్ స్టేడియంలో, 1969 అక్టోబరులో భారత్, న్యూజిలాండ్ టెస్టు ఆడాయి. ఈ మైదానంలో జరిగిన టెస్టులు మూడే. 1955, 1969, 1988. మూడూ న్యూజిలాండ్‌తోనే కావడం విచిత్రం.

69 టెస్టులో పిచ్ మీది గడ్డిని విశ్రాంతి రోజున కోయించాల్సింది. అంపైర్లు మరిచిపోయారు. మర్నాడు పొద్దున గుర్తొచ్చి కోయిద్దామంటే న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ ససేమిరా అన్నాడు. నిబంధన ప్రకారం కోయాల్సిన వేళ దాటిపోయింది, ఇప్పుడు కోస్తే ఒప్పుకోనన్నాడు. అప్పటికే వాళ్లు 181 చేసి ఉన్నారు. ఆ గడ్డి మీద బంతి బుసలు కొట్టింది. పటౌడీ జట్టు 89కే కూలింది. రెండో ఇన్నింగ్స్‌లో వాళ్లు 8 వికెట్లకు 175 వద్ద డిక్లేర్ చేశారు. 268 కొట్టాల్సిన మనవాళ్లు 7 వికెట్లకు 76 దగ్గర ఊగిసలాడుతుండగా వాన పడింది. ఆ తర్వాత మైదానం ఆరబెట్టే పని నత్తనడకన సాగింది. మ్యాచ్ డ్రా.

టోర్నీ నడిపేవాడు నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. డౌలింగ్ చేసింది సరైన పని. పిచ్ ఎలా ఉంటే అలా ఆడాలి, మధ్యలో దువ్వి నున్నగా చేయకూడదు. ఆ గడ్డి మీద న్యూజిలాండ్ వాళ్లు కూడా ఆడారు. రెండో ఇన్నింగ్స్‌లో వాళ్ల వికెట్లూ ఎనిమిది పడ్డాయి. హైదరాబాద్ వాణ్ని అయ్యుండి చెబుతున్నాను, ఆ మ్యాచ్ వాళ్లకు దక్కాల్సింది. పిచ్ గురించి గోల చేసినవాళ్లు ఉన్నారు గానీ, తడిసిన మైదానాన్ని నెమ్మదిగా తుడిచిన చేతుల గురించి గోల చేసినవాళ్లు తక్కువ. మీ టోర్నీలో కూడా అంతే జరుగుతుంది. స్టేజ్ జాబితా మీద నాలుగు వారాలు వాదించుకుంటారు. కంట్రోలర్ మార్చుకునే పేరుతో పావుగంట లాగి అవతలివాడి ఊపు చెడగొట్టేవాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. మీ కఠినత్వం అంతా రెండోవాడి మీద చూపించండి.

కుస్తీలోనూ ఇదే. మట్టిలో పెరిగిన ఖాశాబా జాధవ్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో అలవాటు లేని మ్యాట్ మీద ఆరో స్థానంలో నిలిచాడు. 1952 హెల్సింకిలో అదే మ్యాట్ మీద కాంస్యం గెలిచాడు. ఆ నాలుగేళ్లలో మారింది మ్యాట్ కాదు.

చీటీల డబ్బా పెట్టండి

అమెరికా పద్ధతిలో స్టేజ్ ఎంచుకోవడం ఎలా ఉంటుందంటే, మొదటి ఆటకు ఐదు స్టేజ్‌లు ముందు పెడతారు. ఒకడు ఒకటి కొట్టేస్తాడు, రెండోవాడు రెండు కొట్టేస్తాడు, మళ్లీ మొదటివాడు మిగిలిన రెంటిలో ఒకటి ఎంచుకుంటాడు. తర్వాతి ఆటకు గెలిచినవాడు ఒకటో రెండో నిషేధిస్తాడు, ఓడినవాడు మిగిలినవాటిలో తనకు కావాల్సింది తీసుకుంటాడు. తాను గెలిచిన స్టేజ్‌కు మళ్లీ వెళ్లకూడదని ఇంకో నియమం. ఇవన్నీ తెలిసినవాడు తెలియనివాడి మీద ఒక్క బటన్ నొక్కకముందే సగం గెలిచేస్తాడు. మల్లేపల్లి నుంచో రెడ్ హిల్స్ నుంచో అన్న కంట్రోలర్ అరువు తెచ్చుకుని మొదటిసారి వచ్చిన కుర్రాడు వేళ్లు మడిచి లెక్కపెడుతూ "ఇప్పుడు నేను ఎన్ని తీసెయ్యాలన్నా?" అని అడుగుతాడు. అవతలివాడు నవ్వుతాడు. నాకు ఆ నవ్వు నచ్చదు.

దీని బదులు ఉస్మానియా బిస్కెట్ల ఖాళీ రేకు డబ్బా ఒకటి సంపాదించండి. ఒకే నోట్‌బుక్ కాగితం, ఒకే కొలత, ఒకే రకంగా నాలుగు మడతలు. అట్టలు, మందం కాగితాలు వద్దు, వేళ్లకు తేడా తెలిసిపోతుంది. ఒక్కో స్టేజ్‌కు ఒక చీటీ. చీటీ తీసేది ఆటగాడు కాకూడదు, మీరూ కాకూడదు. టీ తెచ్చినాయనతోనో, తమ్ముడి ఆట చూడటానికి వచ్చిన అక్కతోనో తీయించండి. తీసిన చీటీని తిరిగి డబ్బాలో వేయకండి. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆ స్టేజ్ మళ్లీ రాదు. అప్పుడే అందరికీ అన్ని నేలలూ తగులుతాయి. అల్టిమేట్ అయితే కనీసం 103 చీటీలు మడవడానికి ఒక సాయంత్రం పడుతుంది. నలుగురు కూర్చుని మడవండి, స్టేజ్‌ల పేర్లు కూడా వచ్చేస్తాయి.

డబ్బా పెట్టిన రోజు ఒక మాట తప్పకుండా వింటారు. "గిదేం స్టేజన్నా, నేలే ఊగుతున్నది, వేరేది తియ్యి!" జవాబు సిద్ధంగా ఉంచుకోండి. "ఇద్దరి కిందా ఊగుతున్నది తమ్మీ, ఆడు."

ఛాంపియన్లను అడగకండి, మొదటి రౌండ్‌లో పోయినవాళ్లను అడగండి

నిబంధనల కమిటీలో బాగా ఆడేవాళ్లను పెట్టడం అన్నిచోట్లా చూస్తాం. వాళ్లు వేల గంటలు ఆడింది చదును స్టేజ్‌ల మీద. కాబట్టి చదును స్టేజే న్యాయం అనిపిస్తుంది వాళ్లకు. నేను వాళ్లను తప్పుపట్టను, కానీ ఓటు మాత్రం ఇవ్వను. ఇంట్లో చెల్లితో, పక్కింటి అబ్బాయితో ఆడుకునేవాడు అన్ని స్టేజ్‌లూ ఆడి ఉంటాడు, ఎందుకంటే అతనికి నిషేధాలు తెలియవు. టోర్నీకొచ్చి చదును నేల మీద నిమిషన్నరలో రెండు ఆటలు ఓడి, ప్రవేశ రుసుం పోగొట్టుకుని, నాంపల్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కి వెళ్లిపోతాడు. మళ్లీ రాడు. అదే బ్రిన్‌స్టార్ చీటీ పడి, యాసిడ్ ఎప్పుడు పొంగుతుందో తనకు తెలిసి అవతలివాడికి తెలియక ఒక్క ఆట గెలిస్తే, వచ్చే నెల ఇద్దరు స్నేహితుల్ని తోలుకొస్తాడు.

"మరి అత్యుత్తముడు గెలవడం ముఖ్యం కాదా?" అని అడుగుతారు. ముఖ్యమే. అందుకే ఐదు ఆటల పోటీ పెట్టండి. ఐదు వేర్వేరు నేలల మీద మూడు గెలిచినవాడి ముందు, ఒకే రకం నేల మీద మూడు గెలిచినవాణ్ని ఏ నోటితో అత్యుత్తముడనాలి? 2013లో వచ్చిన ఇన్‌జస్టిస్‌లో స్టేజ్ మీద పడి ఉన్న కారెత్తి అవతలివాడి మీద విసరొచ్చు. దాన్ని ఎవో వంటి పెద్ద పోటీలోనే అలా ఉంచి ఆడించారు, పోటీ పోటీలానే నడిచింది. అంతకుముందు 2008లో అదే ఎవోలో స్మాష్ బ్రదర్స్ బ్రాల్‌ను స్టేజ్ మీద రాలే వస్తువులతో సహా ఆడించారు. స్మాష్ ఆటగాళ్లు ఇప్పటికీ ఆ పోటీని చులకనగా మాట్లాడతారు. నేను మాత్రం ఆ నిర్వాహకుల ధైర్యాన్ని మెచ్చుకుంటాను.

తేదీ గురించి ఒక్క మాట. అందరూ నుమాయిష్ రోజులు తప్పించమంటారు, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి రోడ్ల మీద అడుగు పడదని. నేను ఆ రోజుల్లోనే పెట్టమంటాను. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు వచ్చిన జనంలో నూటికొకరు మీ హాలు వైపు తిరిగినా కుర్చీలు చాలవు. ఆటగాళ్లు ఆలస్యంగా వస్తారు. రానివ్వండి, బ్రాకెట్‌ను గంట వెనక్కి జరపండి.

ఫైనల్‌లో మెత్తబడకండి

పొద్దుటి నుంచి డబ్బా పద్ధతి నడిపి, ఫైనల్ దగ్గర భయపడతారు చాలామంది. బహుమతి డబ్బు ఉంది, లైవ్‌లో చూసేవాళ్లున్నారు, ఇప్పుడు హైరూల్ టెంపుల్ పడితే పరువు పోతుందేమోనని. ఇద్దరు ఫైనలిస్టులూ కలిసి వచ్చి "ఈ ఒక్కటీ ఫైనల్ డెస్టినేషన్‌లో పెట్టన్నా" అంటారు, అది చదును స్టేజ్ కాబట్టి. స్పాన్సర్ కూడా పక్కకు పిలుస్తాడు. లొంగకండి. మొదటి రౌండ్‌లో చిన్నవాడికి ఊగే నేల ఇచ్చి, ఫైనల్‌లో పెద్దవాళ్లకు చదును నేల ఇస్తే పొద్దున మీరు చెప్పిన మాటకు విలువ ఉండదు. అదే డబ్బా, అదే చెయ్యి, అదే మడత.

ఫైనల్ అయ్యాక, బహుమతి ఇచ్చేముందు, డబ్బాలో మిగిలిన చీటీలనూ పొద్దుటి నుంచి తీసినవాటినీ టేబుల్ మీద పరచండి. ఎవరైనా వచ్చి గేమ్‌లోని స్టేజ్‌ల వరసతో సరిచూసుకోవచ్చని మైకులో చెప్పండి. ఒక్క చీటీ తక్కువైనట్టు తేలితే ఆ స్టేజ్ పేరు రాసి డబ్బాలో వేసి, ఫైనల్ మళ్లీ ఆడించండి.